హెహే వాళ్ళ మర్యాద

సరస్సు ఒడ్డున మా ల్వికా రేవు దగ్గర మునిగిపోయిన పడవకి స్మారకం కట్టమని జిల్లా వాళ్ళు సిమెంటు పంపించారు గానీ, దాన్ని ఏ ఆకారంలో కట్టాలో చెప్పలేదు. అందుకని మా కమిటీ చాలాకాలం తగువులాడుకుంది. పడవ ఆకారంలో కడదామంటే చేపలు పట్టేవాళ్ళు ఒప్పుకోలేదు. పొద్దున్నే వేటకి బయల్దేరుతూ ఒడ్డున ఆగిపోయిన పడవని చూడలేమన్నారు. చేప ఆకారం అన్నప్పుడు పోయినవాళ్ళ బంధువులు మొహాలు తిప్పుకున్నారు. ఎందుకో ఎవరూ పైకి అనలేదు. సిలువ పెడదామంటే పడవలో ముస్లిములు కూడా ఉన్నారు. చివరికి సొంగేయా పట్నం నుంచి వచ్చిన శిల్పి విసుగెత్తి, ఒక స్తంభం లేపి, దాని మీద సిమెంటుతో గుండ్రటి ఈత ట్యూబు చేసిపెట్టి, నారింజ రంగు వేసి వెళ్ళిపోయాడు. స్తంభం ముందు పేర్లు చెక్కిన అరుగు ఉంటుంది. మునిగిన పడవలో ట్యూబు అనేదే లేదు. ఆ మాట కమిటీలో ఎవరూ ఎత్తలేదు.

నా భార్య దెస్దేరియా ఆ పడవలోనే వెళ్ళింది. ఎండబెట్టిన ఉసిపా చేపల బుట్టలు తీసుకుని అవతలి రేవులో సంతకి బయల్దేరింది. కొందరు ప్రాణాలతో దొరికారు, కొందరు ప్రాణాలు లేకుండా దొరికారు. ఆమె ఆ రెండు రకాలుగానూ దొరకలేదు.

సాయంత్రాలు ఆ అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఎండ సరస్సు వైపు వాలే వేళకి స్తంభం నీడ సరిగ్గా మనిషి కూర్చునేచోట పడుతుంది. శిల్పి అది చూసుకుని కట్టాడని నేననుకోను. అయినా నీడ తగిలినప్పుడల్లా అతన్ని మనసులో దీవించేవాణ్ణి. పేర్లలో దెస్దేరియా తవేతే అన్న పేరు కింది వరసలో ఉంది. కూర్చున్నవాడి చేతికి అందుతుంది.

మేము న్గోనీ తెగవాళ్ళం. మాకూ హెహే తెగవాళ్ళకూ పరాచికాల వరస. మా ముత్తాతలూ వాళ్ళ ముత్తాతలూ ఒకప్పుడు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. ఎవరూ గెలవలేదు. చివరికి రెండు వైపులా అలిసిపోయి, ఇకనుంచీ ఈటెలు పక్కన పెట్టి నోటితో కొట్టుకుందామని ఒట్టు వేసుకున్నారు. అప్పటినుంచీ హెహే మనిషి ఎదురైతే కుక్కమాంసం ఉడికిందా అని మేము అడగాలి. ఎలకలు బాగా కాలాయా అని వాళ్ళు మమ్మల్ని అడగాలి. అడిగితే కోపం తెచ్చుకున్నవాడికి ఊళ్ళో పరువుండదు.

మనిషి పోయినప్పుడే ఈ వరస అసలు పనిలోకి దిగుతుంది. మా ఇంట్లో చావైతే హెహే వాళ్ళు పిలవకుండానే వస్తారు. తవ్విన గోతిలో పడుకుని, ఇది మా చోటు, లేచేది లేదంటారు. పోయినవాడి టోపీ పెట్టుకుని వాడిలాగే నడుస్తారు, వాడిలాగే దగ్గుతారు, వాడి పిసినారితనం వాడి గొంతుతోనే ఊరంతా చాటుతారు. ఏడుస్తున్నవాళ్ళు నవ్వుతారు, నవ్వుతూ మళ్ళీ ఏడుస్తారు. అదంతా అయ్యాకే పోయినవాడు పోయినట్టు లెక్క. అది జరగనివాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడి ఉంటారని మా వాళ్ళ నమ్మకం. నేను కాలేజీలో చదివి, హిస్టరీ మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. గుమ్మం దగ్గర ఎవరూ ఉండరని నాకు తెలుసు. అయినా దెస్దేరియా వెళ్ళినప్పటి నుంచీ తలుపు గడియ పెట్టబుద్ధి అయ్యేది కాదు.

ఆమెకి ఆ తంతు జరగలేదు. గొయ్యి ఉంటే కదా.

ఆ పని చెయ్యాల్సిన మనిషి ట్విలుంబా కికోతి. హెహేల ఇరింగా కొండల్లోంచి మా ఊరి జాలరికి పెళ్ళామై వచ్చి, అతను పోయాక రేవు దగ్గర టీ కొట్టు పెట్టుకుంది. మా ఇల్లు ఆ కొట్టుకి ఎదురుగా ఉంటుంది. రోజూ పొద్దున్నే దెస్దేరియా గుమ్మంలో నిలబడీ, ట్విలుంబా పొయ్యి దగ్గర నిలబడీ ఒకరినొకరు తిట్టుకునేవాళ్ళు. అది వినకపోతే రేవులో వాళ్ళకి తెల్లారినట్టు ఉండేది కాదు. నాకు పరాచికాలు రావు. మా ఇంటి తరఫున ఆ పనంతా దెస్దేరియాదే. ట్విలుంబా నన్ను ఎలకల బావా అని పిలిచి, టీలో చక్కెరకి బదులు ఉప్పు వేసి ఇచ్చేది. నేను తాగి థాంక్స్ చెప్పేవాణ్ణి. అది చూసి వాళ్ళిద్దరూ చెరోవైపునా పడీ పడీ నవ్వేవాళ్ళు.

దెస్దేరియా పోయాక కొన్నాళ్ళకి నేనే వెళ్ళి ఆ సంగతి ఎత్తాను. ట్విలుంబా గ్లాసులు కడుగుతూ వింది.

"గొయ్యి లేకుండా నన్నెక్కడ పడుకోమంటావు బావా?" అంది. "నీళ్ళలోనా? ఎలకలు తిని తిని నీ బుర్ర కూడా అంతే అయింది."

స్మారకం కడుతున్నారని తెలిసినప్పుడు అందరికంటే ముందు ఆవిడే వచ్చి చూసింది. సిమెంటు ఇంకా పూర్తిగా ఆరలేదు. అరుగు పక్కన నేలమీద పడుకుని, తల ఎక్కడికి వస్తుందో కాళ్ళు ఎక్కడికి వస్తాయో చూసుకుంది. లేచి చీరకొంగులా కప్పుకున్న కంగా గుడ్డ దులుపుకుంటూ, సరిపోతుంది, కాస్త గట్టిగా ఉంటుంది గానీ మీ ఆవిడ కోసం ఓర్చుకుంటాను, ఆవిష్కరణ నాడే కానిచ్చేద్దాం అంది. ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది.

కమిటీ అధ్యక్షుడు హ్యేరా. రేవులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. చెడ్డవాడు కాదు. పెద్ద పట్నంలో జరిగిన ఏదో సంస్మరణ సభని టీవీలో చూశాడు. నల్లబట్టలు కట్టుకున్నవాళ్ళు వరసగా నిలబడి ఒక నిమిషం మౌనం పాటించారట. ఆ మౌనం ఆయన్ని పట్టుకుంది. మన దగ్గర కూడా అలాంటి మౌనం ఉండాలని పట్టుబట్టాడు. ఆవిష్కరణకి పై నుంచి ముఖ్య అతిథి వస్తున్నాడని తెలిశాక మౌనానికి రిహార్సల్స్ మొదలయ్యాయి.

మౌనానికి రిహార్సల్ ఏమిటని నవ్వొద్దు. చేసి చూస్తే గాని అది ఎంత కష్టమో తెలియదు. హ్యేరా ఫుట్‌బాల్ ఆటలో వాడే ఈల తెచ్చాడు. ఒక ఈలకి మౌనం మొదలు, రెండో ఈలకి చాలు. మొదటిరోజు ఈల వినగానే చుట్టుపక్కల కుక్కలన్నీ పరిగెత్తుకొచ్చాయి. రెండోరోజు మేకల్ని కట్టేశారు, మేకలు ఒప్పుకోలేదు. పడవల ఇంజన్లు ఆపాలని జాలర్లకి చెప్పారు. ముసలివాళ్ళు దగ్గవచ్చా అన్నదాని మీద కమిటీలో ఒక మధ్యాహ్నమంతా చర్చ జరిగింది. మెల్లగా దగ్గవచ్చని తీర్మానం రాసింది నేనే.

ఇవన్నీ అయ్యాక హ్యేరాకి హెహే వాళ్ళు గుర్తుకొచ్చారు. ముఖ్య అతిథి మౌనంగా నిలబడి ఉంటే ట్విలుంబా అరుగు మీద పడుకుని కాళ్ళు కొట్టుకోవడం ఆయన కళ్ళకి కట్టింది. మాతో ఒక్కమాట అనకుండా కార్డులు అచ్చు వేయించాడు. ఆ రోజున పరాచికాలకు దూరంగా ఉండి, హుందాగా సహకరించవలసిందిగా దయచేసి కోరుతున్నాం అని ఆ కార్డులో ఉంది. ఊళ్ళో ఉన్న హెహే ఇళ్ళన్నిటికీ వాటిని కానిస్టేబుల్ కివికే చేత పంపించాడు. కివికే తనే హెహే మనిషి. పంచడమంతా అయ్యాక, చివరి కార్డు తీసి సెల్యూట్ కొట్టి తనకు తనే ఇచ్చుకున్నాడని చూసినవాళ్ళు చెప్పారు.

నాకు సంగతి తెలిసి టీ కొట్టుకి వెళ్ళాను. ట్విలుంబా నన్ను చూడగానే లేచి నిలబడింది. తలమీద కంగా సర్దుకుంది.

"రండి మాస్టారు గారూ," అంది. "కూర్చోండి."

వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆవిడ కుర్చీ తెచ్చి, గుడ్డతో తుడిచి వేసింది. ఇన్నేళ్ళలో ఆ కొట్టులో నాకు కుర్చీ వెయ్యడం అదే మొదలు. ఎప్పుడూ బియ్యం బస్తా మీదే కూర్చునేవాణ్ణి.

"ఒంట్లో బాగుంటోందా అన్నగారూ?"

అన్నగారూ అంది. నేను కుర్చీ అంచున కూర్చున్నాను. టీ ఇచ్చింది. భయపడుతూ ఒక గుక్క తాగాను. చక్కెర వేసింది. సరిగ్గా ఎంత వెయ్యాలో అంతే వేసింది. అంత చేదు టీ నేనెప్పుడూ తాగలేదు.

ఆ కార్డు నేను రాసింది కాదని చెప్పాను. ఎవరు రాస్తే ఏముందండీ, చదువుకున్న పెద్దలు చెప్పారు, వినాలి కదా అంది. కొట్టులో ఉన్న మరో ఇద్దరు న్గోనీలు తాగుతున్న గ్లాసులు కింద పెట్టేసి మమ్మల్నే చూస్తున్నారు.

"మరి దెస్దేరియా సంగతి?" అన్నాను.

"మీ భార్యగారు ఎంతో మంచి మనిషండీ. ఆమె ఆత్మకి దేవుడు శాంతినిచ్చుగాక."

నేను వెళ్తుంటే వీధిదాకా వచ్చి సాగనంపింది, చేతులు కట్టుకుని. ఎదురుగా మా ఇంటి గుమ్మం. నేను ఆ నాలుగడుగులూ నడిచే లోపల, ట్విలుంబా మాస్టారిని గౌరవించిందట అని రేవంతా పాకిపోయింది. పొద్దుగూకే లోపల పోయినవాళ్ళ బంధువులు ఒక్కొక్కరే వచ్చి నన్ను పరామర్శించి వెళ్ళారు. పడవ మునిగిన రోజున కూడా అంతమంది రాలేదు. మా అత్తగారు అంజెల్మా వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. నా కూతురు గుమ్మంలోనే ఉండిపోవాలా అని అడిగింది.

హ్యేరాకి వెళ్ళి చెప్పాను. ఆయన నా భుజం తట్టాడు. చూశారా మాస్టారూ, రాతపూర్వకంగా అడిగితే ఎవరైనా వింటారు అన్నాడు.

ఆవిష్కరణ రోజున హెహే వాళ్ళు అందరికంటే ముందు వచ్చారు. మగవాళ్ళు ఇస్త్రీ చొక్కాలు, ఆడవాళ్ళు కొత్త కంగాలు. వరసగా నడిచి వచ్చి, వెనక బెంచీల మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కివికే యూనిఫాం బొత్తాలన్నీ మెరుస్తున్నాయి. వాళ్ళే ఒక పూలచక్రం కూడా తెచ్చారు. దాని మీద గాఢ సానుభూతితో అని రాసి ఉంది. అది చూసి ఒక ముసలాయన ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆయన కొడుకు పేరు అరుగు మీద దెస్దేరియా పేరు పక్కనే ఉంటుంది.

ముఖ్య అతిథి కారు దిగాడు. లావుపాటి మనిషి, మొహంలో అలసట. ఇంత క్రమశిక్షణ ఉన్న ఊరు ఈ ప్రాంతంలో చూడలేదని హ్యేరాతో అన్నాడు. తెర లాగారు. నారింజ రంగు ట్యూబు బయటపడింది. హ్యేరా ఈల ఊదాడు.

మౌనం మొదలైంది. కుక్కలు రాలేదు, మేకలు అరవలేదు. రిహార్సల్స్‌లో ఎన్నడూ కుదరని మౌనం ఆ రోజు కుదిరింది. కాని ఒక్కరూ స్మారకం వైపు చూడటం లేదు. ఊరంతా మెడలు తిప్పి వెనక బెంచీల మీద ఉన్న హెహే వాళ్ళనే చూస్తున్నారు. వాళ్ళు తలలు వంచుకుని, కళ్ళు మూసుకుని, ఎంతో హుందాగా ఉన్నారు.

అంజెల్మా లేచింది. కర్ర ఊతంతో వెనక బెంచీల దాకా నడిచి ట్విలుంబా ముందు నిలబడింది.

"కుక్కలు తినేదానా," అంది. "నా కూతురు పీనాసిది. చేపల బుట్టలో అడుగున చిన్నవి పెట్టి పైన పెద్దవి పేర్చేది. లే. ఆ మాట అందరికీ చెప్పు."

ట్విలుంబా కళ్ళు తెరిచింది. "అంత మాట అనకండమ్మా. మీ అమ్మాయి దేవత."

అంజెల్మా కర్ర వదిలేసి నేలమీద కూలబడింది. బంధువుల్లోంచి ఒక మూలుగు లేచింది. మౌనం చెడిందా లేదా అని హ్యేరాకి సందేహం వచ్చింది. చెడిందని తేల్చుకుని మళ్ళీ ఈల ఊదాడు. మళ్ళీ మొదటినుంచి మౌనం. ఈసారి మా వాళ్ళలోంచి ఎవరో భౌ అన్నారు. హెహే వాళ్ళని రెచ్చగొట్టాలని. ఇంకొకరు కుక్కపిల్లలా కుయ్యిమన్నారు. పోయిన పడవ సరంగు తమ్ముడైతే కానిస్టేబుల్ కివికే మొహంలో మొహం పెట్టి, గట్టిగా మొరిగాడు. కివికే చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి.

"చాలా బాగా మొరిగారండీ," అన్నాడు. "ధన్యవాదాలు."

హ్యేరా మళ్ళీ ఊదాడు. ఇలా మౌనం మొదలవడం, ఎవరో మొరగడం, ఈల ఊదడం, మళ్ళీ మౌనం. ఆ నిమిషం పూర్తి కావడం లేదు. ముఖ్య అతిథి తలవంచుకుని నిలబడే ఉన్నాడు, పాపం. జనం ఎందుకు మొరుగుతున్నారని పెదవులు కదపకుండా అడిగాడు. ఇక్కడ దుఃఖం ఇలాగే ఉంటుంది సార్ అని హ్యేరా అన్నాడు. ఆ పూట అంతటిలో ఆయన చెప్పిన నిజం అదొక్కటే.

చివరికి హ్యేరా అలిసిపోయి, పేర్లు చదవమని నాకు సైగ చేశాడు. కార్యదర్శిని కాబట్టి చదవడం నా వంతు. కాగితం తీసుకుని అరుగు దగ్గర నిలబడ్డాను. ఒక్కో పేరు చదువుతుంటే ఆ ఇంటివాళ్ళు ఆశగా వెనక్కి తిరిగి చూస్తున్నారు. హెహే వాళ్ళు ప్రతి పేరుకీ తలవంచి, ఆమెన్ అంటున్నారు. కింది వరసకి వచ్చాను. దెస్దేరియా అని చదివాను. ఆమెన్ అన్నారు.

మిగిలిన పేర్లు నాకు కనబడలేదు. కాగితం అరుగు మీద పెట్టి, దాని మీద రాయి పెట్టి, వెనక బెంచీల వైపు నడిచాను. ఇప్పుడు ఇది జరగకపోతే ఇక ఎప్పటికీ జరగదని తెలుస్తూనే ఉంది. రేపటినుంచీ ట్విలుంబా నాకు కుర్చీ తుడిచి వేస్తుంది, చక్కెర టీ ఇస్తుంది, నేను పోయినప్పుడు కూడా చేతులు కట్టుకుని వస్తుంది.

క్షమించమని అడగడం కుదరదు. క్షమాపణ కూడా మర్యాదే. తెగిన వరసని తిట్టుతోనే ముడివెయ్యాలి. అది నాకు చేతకాదని ఊరందరికీ తెలుసు.

"ట్విలుంబా," అన్నాను. గొంతు సవరించుకున్నాను. "నీ కొట్టులో టీ నాణ్యత ఈమధ్య ఆశించిన స్థాయిలో లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. ట్విలుంబా పై పెదవి వణికింది.

"సరిచేసుకుంటాను అన్నగారూ."

నాకు తెలిసిన తిట్లన్నీ దెస్దేరియావే. అందుకని చెయ్యి నడుము మీద పెట్టుకుని, రోజూ పొద్దున మా గుమ్మంలోంచి వినబడే మాట అన్నాను.

"ఏమే ట్విలుంబా, ఇవాళ టీలో ఏ కుక్క తోక ముంచావే?"

నా గొంతు మధ్యలో సన్నగా చీలి, సరస్సు మీదకి ఎగిరిపోయినట్టు అయింది. ట్విలుంబా ఒళ్ళోకి చూసుకుంటూ ఏదో గొణిగింది.

"ఏమిటి?" అన్నాను.

"ఎడమ చెయ్యి," అంది తల ఎత్తకుండా. "ఎడమ చెయ్యి కదా పెట్టుకునేది. కుడి చంకలో బుట్ట ఉండేది."

నేను చెయ్యి మార్చుకున్నాను. కుడి చంకలో లేని బుట్టని సర్దుకున్నాను. మళ్ళీ అదే మాట అన్నాను. ఈసారి ఇంకా అధ్వాన్నంగా వచ్చింది.

ట్విలుంబా లేచి నిలబడింది.

"ఛీ. స్కూల్లో ప్రార్థన చదివినట్టు చదువుతావేమిటి? ఆవిడ ఎప్పుడైనా అలా అందా? ఆవిడ వింటే మళ్ళీ మునుగుతుంది. అవతలికి జరుగు. ఎలకల మొహమూ నువ్వూను."

నువ్వు అంది. బెంచీల మీద నుంచి ఎవరో అది పక్కవాళ్ళకి చెప్పారు, వాళ్ళు ముందు వాళ్ళకి చెప్పారు. నువ్వు అందట, నువ్వు అందట. నేలమీద కూలబడిన అంజెల్మా కర్ర వెతుక్కుంది.

ట్విలుంబా తలమీద గుడ్డ లాగి నడుముకి బిగించుకుంది. ఎడమ చెయ్యి నడుము మీద పెట్టింది. కుడి మోకాలు కాస్త లోపలికి వంచింది. అంతే, ఆవిడ ట్విలుంబా కాదు. ఆ మోకాలు సంగతి నేను మరిచిపోయాను. ముప్పై ఏళ్ళు పక్కన నడిచిన మనిషిని, ఆ మోకాలు లోపలికి వంగుతుందని నాకు గుర్తులేదు.

లేని బుట్ట చంకన పెట్టుకుని బెంచీల మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చింది. దారిలో ఒక్కొక్కళ్ళ చేపలూ వాసన చూసినట్టు చేసి ముక్కు చిట్లించింది. నవ్వబోయే ముందు ముక్కుతో చిన్న చప్పుడు చేసేది దెస్దేరియా. అదే చప్పుడు చేసింది. స్మారకం ముందు ఆగి తల ఎత్తి చూసింది.

"ఇదేమిటి, నూనెలో వేయించిన మందాజీ రొట్టా?" అంది నా భార్య గొంతుతో. "కాదా? ట్యూబా? ఎవరిదీ తెలివి? పడవలో ఉన్నప్పుడు ఇవ్వలేదేం? నీళ్ళు తాగి తాగి పోయాక ఇస్తారా? అదీ సిమెంటుదా?"

జనం గొల్లుమన్నారు. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ముఖ్య అతిథి మొహం ఎర్రబడింది. ఆవిడ ఆయన దగ్గరికి వెళ్ళి, ఆయన కోటు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని, మంచి గుడ్డ, ఈదడానికి మాత్రం పనికిరాదు అంది. తర్వాత అరుగు ఎక్కి, పేర్ల మీద వెల్లకిలా పడుకుని, ఇది నా చోటు, లేవనంటే లేవనంది.

అక్కడితో కివికే ఆగలేకపోయాడు. టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని, ఇంజను బ్రహ్మాండంగా ఉంది, నా మాట నమ్మండి, ఎక్కండి ఎక్కండి అంటూ పోయిన పడవ సరంగు గొంతుతో అరవడం మొదలుపెట్టాడు. ఇందాక మొరిగిన తమ్ముడు నేలమీద పడి దొర్లాడు. మిగతా హెహే వాళ్ళు పూలచక్రాన్ని ముక్కలు చేసి తలకొకటి పెట్టుకుని, ఒక్కొక్కరు పోయినవాళ్ళలో ఒక్కొక్కరిని పిలుచుకొచ్చారు. ఒకడు కుంటుతూ, ఒకతె అడక్కుండానే సలహాలిస్తూ, ఒకడు అందరి దగ్గరా ముక్కుపొడి అడుక్కుంటూ వచ్చారు. పడవలో వెళ్ళినవాళ్ళంతా ఒడ్డుకి వచ్చినట్టే ఉంది. ఛాతీ పట్టుకుని కూర్చున్న ముసలాయన లేచి, తన కొడుకులా నడుస్తున్న మనిషిని పట్టుకుని, నా గొడ్డలి ఎక్కడ పెట్టావురా అని నిలదీస్తున్నాడు.

హ్యేరా చేతిలో ఈల ఉంది. ఊదలేదు. ముఖ్య అతిథి కోటు విప్పి కుర్చీ మీద వేసి, నేలమీద జనం మధ్యకి వచ్చి కూర్చున్నాడు. తనవాళ్ళు సరస్సుకి ఉత్తరాన చాలా దూరంలో ఉంటారనీ, తండ్రి పోయినప్పుడు పరాచికాలవాళ్ళు దారిలో వానకి చిక్కుకుని రాలేకపోయారనీ పక్కన ఉన్న నాతో మెల్లగా చెప్పాడు. నేను నా చేతిరుమాలు ఇచ్చాను. ఉతికిందే, అదృష్టం.

ట్విలుంబా అరుగు మీద నుంచి లేచింది. ఇంకా బుట్ట చంకలోనే ఉంది, ఇంకా మోకాలు వంగే ఉంది. నా ముందుకి వచ్చి, పైనుంచి కిందికి చూసింది.

"ఆ బొత్తాలేమిటి, ఒకదాని కన్నంలో ఇంకొకటి?"

నేను చూసుకున్నాను. నిజమే. పొద్దున్నించీ ఎవరూ చెప్పలేదు. అక్కడే నిలబడి, అందరి ముందూ, బొత్తాలు విప్పి మళ్ళీ పెట్టుకున్నాను. ఆవిడ అయ్యేదాకా ఆగింది.

"చిక్కుళ్ళు పొయ్యి మీద పెట్టి వచ్చావా?"

"పెట్టాను," అన్నాను.

"మంట ఆర్పావా?"

ఆర్పాననబోయాను. దెస్దేరియా అలా చూసినప్పుడు నేనెప్పుడూ అబద్ధం చెప్పలేకపోయేవాణ్ణి.

"గుర్తులేదు."

"గుర్తులేదు," అంది, నా గొంతుని వెక్కిరిస్తూ. అంటే దెస్దేరియా నన్ను వెక్కిరించినట్టు ట్విలుంబా వెక్కిరించింది. ఆ ముక్కు చప్పుడు మళ్ళీ వినబడింది. "మరి ఇక్కడ నిలబడి నా మొహం చూస్తావేం? నేను వెళ్ళాలి, సంతకి ఆలస్యమైంది. నువ్వు ఇంటికి పో."

ఆవిడ బుట్ట సర్దుకుని సరస్సు వైపు తిరిగింది. నేను ఇంటి వైపు తిరిగాను. వెనక నవ్వులు వినబడుతున్నాయి. తిరిగి చూడబుద్ధి కాలేదు. చూడక్కర్లేదు కూడా.

ఇంట్లో చిక్కుళ్ళు అడుగంటాయి. పైన ఉన్నవి మాత్రం మెత్తగా, తినేలాగే ఉన్నాయి. కుండ దింపి, బొగ్గుల మీద నీళ్ళు చల్లాను.